మెట్లెక్కిన కండక్టరు, కూర్చున్న డ్రైవరు

ఒకే బస్సు, ఒకే డిపో. పొద్దున్నే ఇద్దరూ కలిసే డ్యూటీ ఎక్కుతారు. ఒకే ఊరి గాలి పీలుస్తారు, ఒకే క్యాంటీన్‌లో టీ తాగుతారు. ఒకాయన స్టీరింగ్ ముందు కూర్చుంటాడు, రెండో ఆయన టిక్కెట్లు కొడుతూ తిరుగుతాడు. కొన్నేళ్లు గడిచాక చూస్తే గుండెపోటు డ్రైవర్లకే ఎక్కువ వస్తోంది. ఎందుకని?

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడిని వేధించిన ప్రశ్న ఇది. యుద్ధకాలంలో భారత్‌లోనూ బర్మాలోనూ సైనిక వైద్యుడిగా పనిచేసి వెళ్లిన మనిషి ఆయన. అప్పటికి బ్రిటన్‌లో గుండెజబ్బు మరణాలు పెరిగిపోతున్నాయి. కారణం మాత్రం ఎవరికీ అంతుపట్టడం లేదు. జబ్బు ఏయే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు ఎక్కువగా వస్తోందో చూస్తే ఏదైనా ఆచూకీ దొరుకుతుందేమో అనుకున్నాడు మోరిస్. లండన్ రవాణా సంస్థలో 35 నుంచి 64 ఏళ్ల మధ్య వయసున్న దాదాపు 31 వేల మంది పురుష ఉద్యోగుల ఆరోగ్య రికార్డులు తిరగేశాడు.

1953లో లాన్సెట్ పత్రికలో ఆ లెక్కలు వచ్చాయి. ఏడాదికి ప్రతి వెయ్యి మంది డ్రైవర్లలో 2.7 మందికి గుండెజబ్బు వస్తుంటే, కండక్టర్లలో 1.9 మందికే వస్తోంది. వచ్చినా కండక్టర్లకు కాస్త పెద్ద వయసులో వస్తోంది, ప్రాణం తీయడమూ తక్కువే. అప్పటి లండన్ బస్సులు చాలావరకు డబుల్ డెక్కర్లు. హైదరాబాద్‌లో ఒకప్పుడు డబుల్ డెక్కర్ ఎక్కినవాళ్లకు ఆ ఇరుకు మెట్లు గుర్తుండే ఉంటాయి. లండన్ కండక్టరు రోజుకు ఐదారు వందల మెట్లు ఎక్కేవాడు. డ్రైవరు షిఫ్టులో నూటికి తొంభై పాళ్లు సీట్లోనే గడిపేవాడు. తపాలా శాఖలోనూ ఇదే తేడా కనిపించింది. నడిచో సైకిల్ తొక్కో ఉత్తరాలు పంచేవాళ్ల గుండెలు, ఆఫీసులో కూర్చుని రాసుకునేవాళ్ల గుండెల కంటే మెరుగ్గా ఉన్నాయి.

వీళ్లెవరూ వ్యాయామం చేయాలని మెట్లెక్కలేదు. ఉద్యోగం ఎక్కించింది, ఎక్కారు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే ఈ వ్యాసంలో మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

దర్జీ కొలతల్లో దొరికిన ఆధారం

సందేహం రావాల్సిందే, మోరిస్‌కూ వచ్చింది. లావుగా ఉన్నవాళ్లు, అటూఇటూ తిరగడం ఇష్టం లేనివాళ్లే డ్రైవరు ఉద్యోగంలో చేరుతున్నారేమో! అదే నిజమైతే తేడా మెట్ల వల్ల వచ్చింది కాదు, ముందునుంచీ ఉన్నదే. రవాణా సంస్థ ఉద్యోగులకు యూనిఫాం కుట్టించి ఇస్తుంది గనక నడుము కొలతలు రికార్డుల్లో ఉంటాయి. మోరిస్ బృందం వాటిని బయటికి తీసింది. అనుమానం కొంత నిజమే. డ్రైవర్ల ప్యాంట్ల నడుము వెడల్పు మొదటినుంచీ కాస్త ఎక్కువే. కానీ సన్నవాళ్లను సన్నవాళ్లతో, లావువాళ్లను లావువాళ్లతో విడివిడిగా పోల్చి చూసినా, గుండెపోటుతో హఠాత్తుగా చనిపోయే ముప్పు కండక్టర్లకే తక్కువని తేలింది. నడుము ఒక్కటే దోషి కాదన్నమాట.

దర్జీ చిట్టాల్లోంచి వైద్యశాస్త్రం రాబట్టిన ఈ పనికి రావాల్సినంత పేరు రాలేదనిపిస్తుంది. ఆ తర్వాత వచ్చిన వందలాది పరిశోధనలు మోరిస్ మాటకు బలం చేకూర్చాయి. ఆయన 99 ఏళ్లు బతికి 2009లో కన్నుమూశాడు.

కండరం లోపల ఏం జరుగుతోంది?

కండరాన్ని మనం బరువులెత్తే యంత్రంగానే చూస్తాం. అది చేసే మరో పెద్ద పని బయటికి కనబడదు. భోజనం తర్వాత రక్తంలోకి చేరే చక్కెరలో పెద్ద వాటాను కండరం తీసుకుంటుంది. ఆ చక్కెర కణంలోకి ఊరికే జారిపోదు. గ్లూట్-4 అనే ప్రొటీన్లు కణం అంచుకు వచ్చి నిలబడితేనే దారి తెరుచుకుంటుంది. వాటిని మామూలుగా పైకి రప్పించేది ఇన్సులిన్.

ఇంటికి వీధి గుమ్మం, పెరటి గుమ్మం ఉంటాయి కదా. ఇన్సులిన్ వీధి గుమ్మం దగ్గర నిలబడి తలుపు తట్టే మనిషి. టైప్-2 మధుమేహంలో లోపలివాళ్లకు చెవుడు వస్తుంది. ఎంత తట్టినా తలుపు తీయరు, చక్కెర వీధిలోనే పోగుపడుతుంది. కండరం ముడుచుకున్నప్పుడు మాత్రం ఇన్సులిన్‌తో నిమిత్తం లేకుండా పెరటి గుమ్మం తెరుచుకుంటుంది. కండరం పనిచేస్తుంటే కణంలో కాల్షియం విడుదలవుతుంది, ఇంధనం తగ్గుతోందని కనిపెట్టే ఎంజైము మేలుకుంటుంది. రెండూ కలిసి అవే గ్లూట్-4 ప్రొటీన్లను అంచుకు నెడతాయి. అందుకే ఇన్సులిన్‌కు కణాలు సరిగా స్పందించని మధుమేహ రోగిలో కూడా భోజనం తర్వాత కాసేపు నడిస్తే చక్కెర దిగుతుంది. నడక ఆపాక కూడా ఒకటి రెండు రోజులపాటు కండరం ఇన్సులిన్ మాట కాస్త బాగా వింటుంది. వారానికి సరిపడా నడకంతా ఆదివారం ఒక్కరోజే నడిచేయడం కంటే విడివిడిగా నడవడం మేలనడానికి కారణం ఇదే.

కొవ్వు సంగతీ ఇలాంటిదే. కండరాల్లోని సన్నటి రక్తనాళాల గోడలకు లైపోప్రొటీన్ లైపేజ్ అనే ఎంజైము అంటిపెట్టుకుని ఉంటుంది. రక్తంలో తేలే ట్రైగ్లిజరైడ్లను విరగ్గొట్టి కండరానికి ఇంధనంగా అందించడం దాని పని. ఎలుకల వెనక కాళ్లకు పని లేకుండా చేసినప్పుడు ఆ కాళ్లలో ఈ ఎంజైము చురుకుదనం బాగా పడిపోయింది. ఇక ధమనుల విషయం. నడిచేటప్పుడు రక్తం వేగంగా పారి నాళాల లోపలి పొరను రాసుకుంటూ పోతుంది. ఆ రాపిడికి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను వదులుతుంది, నాళం విప్పారుతుంది. మూడు గంటలు కదలకుండా కూర్చుంటే కాలి ధమనికి విప్పారే గుణం తగ్గుతుందనీ, మధ్యమధ్య ఐదేసి నిమిషాలు నడిస్తే తగ్గదనీ ప్రయోగాల్లో తేలింది.

కండక్టరు గుండెను కాపాడింది ఇవన్నీ కలిసే. ఏదో ఒక్క దానికి ఆ ఘనత కట్టబెట్టలేం.

┌─────
పదివేల అడుగులు ఎవరు చెప్పారు?
ఫోన్లలో, గడియారాల్లో కనిపించే ఈ లక్ష్యం ఏ వైద్యశాలలోనూ పుట్టలేదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో ఒక గడియారాల కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని అమ్మకానికి పెట్టింది. దాని పేరే ‘పదివేల అడుగుల మీటరు’. పేరు జనానికి నచ్చింది, అంకె నిలిచిపోయింది. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న 16 వేలకు పైగా మహిళల మీద ఒక అధ్యయనం వచ్చింది. రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవాళ్లతో పోలిస్తే 4,400 వేసేవాళ్లలో మరణాల రేటు 41 శాతం తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా కనబడలేదు.
─────┘

మొదటి అడుగులకే ఎక్కువ విలువ

పైన పెట్టెలోని అంకెల్లో ఒక రహస్యం ఉంది. అస్సలు కదలని మనిషి కాస్త కదిలితే వచ్చే లాభం చాలా ఎక్కువ. ఇప్పటికే గంట పరిగెత్తే మనిషి ఇంకో పావుగంట పరిగెత్తితే వచ్చేది చాలా తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ కావాలంటుంది. వేగంగా నడవడం ఆ లెక్కలోకే వస్తుంది. పిల్లలకైతే రోజుకు సగటున గంట. ఒకప్పుడు పెద్దల విషయంలో, ఏకబిగిన పది నిమిషాలైనా చేస్తేనే లెక్క అనేవారు. 2020 మార్గదర్శకాల్లో ఆ షరతు కూడా తీసేశారు. రెండు నిమిషాలు మెట్లెక్కినా జమే.

విధానాలు రాసేవాళ్లకు దీనివల్ల ఒక మాట స్పష్టమవుతుంది. పదివేల మందిని మారథాన్‌కు తయారుచేయడం కంటే పది లక్షల మందితో రోజూ అదనంగా పదిహేను నిమిషాలు నడిపించడం వల్ల ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయి. జెఫ్రీ రోజ్ అనే బ్రిటిష్ వైద్యుడు 1985లో ఈ సంగతిని సిద్ధాంతంగానే చెప్పాడు. ముప్పు ఎక్కువగా ఉన్న కొద్దిమందిని వెతికి పట్టుకోవడం ఒక పద్ధతి. జనాభా మొత్తాన్ని కొద్దిగా పక్కకు జరపడం ఇంకో పద్ధతి. రెండో దానిలో ఒక ఇబ్బంది ఉంది. ఏ ఒక్క మనిషికీ తనకు మేలు జరిగినట్టు తెలియదు. ఆసుపత్రి కడితే రిబ్బన్ కత్తిరించవచ్చు, ఫొటో దిగవచ్చు. రాని గుండెపోటుకు ఫొటో ఎలా తీస్తారు?

కదలికను మన రోజుల్లోంచి తీసేసిందెవరు?

2024లో వెలువడిన అంతర్జాతీయ అంచనా ప్రకారం ప్రపంచంలో 31 శాతం పెద్దలకు తగినంత కదలిక లేదు. సంఖ్యలో చెప్పాలంటే 180 కోట్ల మంది. భారత్‌లో 2000లో సుమారు 22 శాతంగా ఉన్నది 2022 నాటికి 50 శాతానికి చేరువైంది. మగవాళ్లలో 42, ఆడవాళ్లలో 57 శాతం.

ఇరవై ఏళ్లలో ఒక జాతి మొత్తానికి ఒళ్లు బరువెక్కి బద్ధకం ముంచుకొచ్చిందంటే నమ్మడం కష్టం. మారింది రోజు నడిచే తీరు. మోటారు వచ్చి బావి చేదను తీసేసింది, గ్రైండరు వచ్చి రోలును మూలకు నెట్టింది. సైకిల్ స్థానంలో బైకు, మెట్ల స్థానంలో లిఫ్టు, సంతకు నడక స్థానంలో గుమ్మం దగ్గరికే సరుకు. ఇందులో ఏదీ చెడు కాదు. రోలు దగ్గర నడుం విరగ్గొట్టుకున్న తరాన్ని అడగండి, మళ్లీ రోలు కావాలని ఒక్కరూ అనరు. అయితే పోయిన కదలిక స్థానంలో వేరేది వచ్చి చేరలేదు. భారత వైద్య పరిశోధన మండలి తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో చేయించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, తీరిక వేళ ఆటో వ్యాయామమో చేసేవాళ్లు పదిశాతం కూడా లేరు.

“రోజూ నడవండి” అని డాక్టరు రాసిచ్చే మందు పనిచేయకుండా పోయేది ఇక్కడే. నడవాలని అందరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన నడక రాదు. కండక్టరుకు మెట్లున్నట్టు మనకు రోజులో మెట్లు ఎక్కడున్నాయి?

┌─────
కూలీ కష్టం వ్యాయామం కాదా?
ఇటుకలు మోసే మనిషికి గుండెజబ్బు రాకూడదు కదా అనిపిస్తుంది. డెన్మార్క్ పరిశోధకులు కొన్నేళ్లుగా దీన్నే తరచిచూస్తున్నారు. తీరిక వేళ చేసే శ్రమ గుండెకు మేలు చేస్తున్నా, బరువైన కూలి పని అలా మేలు చేస్తున్నట్టు కనబడడం లేదు, కొన్నిచోట్ల కీడే కనిపిస్తోంది. బరువులెత్తుతూ ఎనిమిది గంటలు పనిచేస్తే గుండె వేగం, రక్తపోటు రోజంతా పైనే ఉంటాయి. కోలుకునే వ్యవధి ఉండదు, ఎప్పుడు ఆపాలో మనిషి చేతిలో ఉండదు. ఇలాంటి కార్మికుడికి ఆరోగ్య విధానం ఇవ్వాల్సింది నడక సలహా కాదు, విరామం.
─────┘

చెన్నైలో ఒక కాలనీ

మన పక్కనే జరిగిన ఒక ఉదంతం చెబుతాను. 1990ల రెండో భాగంలో మధుమేహ నిపుణుడు వి. మోహన్ బృందం చెన్నైలో రెండు ప్రాంతాల్ని సర్వే చేసింది. తిరుమంగళంలోని మధ్యతరగతి కాలనీ ఒకటి, టి. నగర్‌లో పేదలుండే ప్రాంతం రెండోది. మధ్యతరగతి కాలనీలో సదస్సులు పెట్టారు, ముప్పు గురించి చెప్పారు. జనం విన్నారు. విన్నాక అడిగారు: నడవమంటున్నారు సరే, ఎక్కడ నడవాలి? చివరికి కాలనీవాళ్లే చందాలు వేసుకుని పార్కు కట్టుకున్నారు.

కొన్నేళ్ల తర్వాత మళ్లీ సర్వే చేస్తే, వారానికి మూడుసార్ల కంటే ఎక్కువ వ్యాయామం చేసేవాళ్లు అక్కడ 14.2 శాతం నుంచి 58.7 శాతానికి పెరిగారు. పదేళ్ల వ్యవధిలో ఆ కాలనీలో మధుమేహం 12.4 శాతం నుంచి 15.4కు పెరిగితే, పేద ప్రాంతంలో 6.5 నుంచి 15.3కు ఎగబాకింది. ఈ తేడా అంతా పార్కు చలవే అనడానికి వీల్లేదు. రెండు ప్రాంతాల ఆదాయాలు, తిండి, పనులు ఆ పదేళ్లలో వేర్వేరుగా మారి ఉంటాయి. కానీ సదస్సు పార్కుగా మారిన తర్వాతే నడక ఆ స్థాయికి చేరిందన్నది గమనించాలి. ఇంకో చేదు సంగతి కూడా ఉంది. చందా వేసుకోగలిగినవాళ్లకు పార్కు వచ్చింది, వేసుకోలేనివాళ్లకు జబ్బు వచ్చింది. ప్రభుత్వం అవసరమయ్యేది సరిగ్గా ఆ రెండో చోటే.

బొగోటాలో ఆదివారం

కొలంబియా రాజధాని బొగోటాలో సైకిల్ ప్రియులు 1974 డిసెంబరులో కార్ల పెత్తనాన్ని నిరసిస్తూ రోడ్లెక్కారు. రెండేళ్లకు నగరపాలన దాన్నే కార్యక్రమంగా మార్చేసింది. పేరు సిక్లోవియా. ఇప్పుడు ప్రతి ఆదివారం, ప్రతి సెలవు రోజు, ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు వరకు 120 కిలోమీటర్లకు పైగా రోడ్ల మీద మోటారు వాహనాలు ఉండవు. నడిచేవాళ్లు, సైకిళ్లవాళ్లు, చక్రాల కుర్చీలవాళ్లు లక్షల్లో వస్తారు.

కొత్తగా ఏమీ కట్టలేదు. ఉన్న రోడ్డుకే అడ్డంగా బారికేడ్లు, కూడళ్లలో మార్గదర్శకులు, అంతే. ఒక్కో పాల్గొనేవారి మీద ఏడాదికి అయ్యే ఖర్చు ఆరు డాలర్ల దాకా ఉంటుందని లెక్కగట్టారు. ఆదా అయ్యే వైద్య ఖర్చులతో పోలిస్తే పెట్టిన ప్రతి డాలరుకూ మూడు డాలర్లకు పైగా వెనక్కి వస్తోందనీ తేల్చారు.

హైదరాబాద్‌లోనూ 2021లో ట్యాంక్‌బండ్ మీద ‘సండే ఫన్‌డే’ పేరుతో ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపారు. జనం విరగబడ్డారు. పాటలు, తినుబండారాలు, బాణసంచా. మంచిదే, కానీ అది జాతర. బొగోటాది అలవాటు. ఒక పేట నుంచి ఇంకో పేటకు దారి కలుస్తుంది కాబట్టి అక్కడ ఇంటి దగ్గరే రోడ్డెక్కవచ్చు, అక్కడిదాకా కారేసుకుని వెళ్లక్కర్లేదు. ఏ వారం ఉంటుందో ఏ వారం ఉండదో అన్న అనుమానమూ లేదు. ఆ మాటకొస్తే విశాఖలో బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున వాహనాలు ఆపి నడిచేవాళ్లకు వదిలేసే ఏర్పాటు దీనికి దగ్గరి చుట్టం. హంగామా లేదు, రోజూ ఉంది.

ఫుట్‌పాత్ ఏ శాఖ కిందికి వస్తుంది?

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాలన్నిటికీ ఒక ప్రణాళిక ఇచ్చింది. 2030 నాటికి కదలిక లేమిని 15 శాతం తగ్గించాలని లక్ష్యం. అందులోని ఇరవై చర్యలు చదువుతూ పోతే ఒక చిత్రం కనబడుతుంది. చాలావాటిని ఆరోగ్య శాఖ ఒంటిచేత్తో చేయలేదు. రోడ్లు పురపాలక సంఘానివి, బస్సులు రవాణా సంస్థవి, ఆటస్థలాలు విద్యాశాఖవి, వేగ పరిమితులు పోలీసులవి. వాళ్లెవరి పద్దులోనూ గుండెపోటు అనే శీర్షిక ఉండదు.

ఉదాహరణకు బస్సు. అమెరికాలో 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో, బస్సో రైలో వాడేవాళ్లు వాటి దగ్గరికీ అక్కడినుంచీ నడవడానికే రోజుకు 19 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. రోజుకు కావలసిన కోటాలో అది చాలావరకు సరిపోతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు బస్సు ప్రయాణం ఉచితం. ఎవరూ దాన్ని ఆరోగ్య పథకం అనలేదు. కానీ స్టాపుదాకా నడిచే అడుగులు ఎన్ని పెరిగాయో కొలిస్తే ఆ పథకం జమాఖర్చులో ఒక కొత్త వరుస చేరుతుంది.

సైకిల్ కూడా అంతే. బిహార్ ప్రభుత్వం 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లిచ్చింది చదువు కోసం. హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 30 శాతానికి పైగా పెరిగిందని ఆర్థికవేత్తలు లెక్కతేల్చారు. ఆంధ్రప్రదేశ్‌లో గతంలో నడిచిన ‘బడికొస్తా’ పథకమూ ఆ బాటలోదే. చదువు ఖాతాలో పెట్టిన ఖర్చుకు ఆరోగ్యం వడ్డీగా వస్తోంది. మరోపక్క హైదరాబాద్ బాహ్య వలయ రహదారి వెంట 2023లో సౌర ఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు. ఎండ తగలదు, కరెంటూ వస్తుంది, ముచ్చటైన ఆలోచన. దిల్‌సుఖ్‌నగర్‌లో కూరగాయలకు వెళ్లే మనిషికి మాత్రం అది దారిలో తగలదు.

కదలమని చెప్పేముందు చావకుండా కదిలే దారి చూపించాలి. 2022లో మన దేశ రోడ్ల మీద 32,825 మంది పాదచారులు చనిపోయారు. అంటే రోజుకు 90 మంది. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన పార్కింగ్, ఆ పక్కన తవ్వి వదిలేసిన గుంత. నడిచేవాడు దిగి రోడ్డు మీదికి రాక తప్పదు. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. రాజ్యాంగం 21వ అధికరణం దాకా వెళ్లాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎలా ఉందో ఊహించుకోవచ్చు.

ఆమె ఎప్పుడు నడవాలి?

ఆడవాళ్లలో 57 శాతం అన్న అంకె దగ్గర ఇంకాసేపు ఆగాలి. మన ఊళ్లలో నడక అంటే తెల్లవారుజాము వ్యవహారం. ఐదింటికి పార్కు గేటు తెరుస్తారు, ఎనిమిది, తొమ్మిదింటికల్లా ఖాళీ అవుతుంది. రిటైరైనవాళ్లకు అది బాగానే ఉంటుంది. సరిగ్గా ఆ వేళకు ఇంట్లో ఇల్లాలు టిఫిన్ డబ్బాలు సర్దుతూ, పిల్లల్ని బడికి తయారుచేస్తూ ఉంటుంది. ఆమెకు దొరికే తీరిక మధ్యాహ్నం. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి రామగుండంలోనో రెంటచింతలలోనో నడవమని ఏ డాక్టరూ చెప్పడు. ఇక మిగిలింది రాత్రి ఏడు తర్వాత. అప్పుడు చాలా పార్కుల్లో దీపాలుండవు, చాలా వీధుల్లో ధైర్యం ఉండదు.

బొగోటా ఈ చిక్కును వేరే తీరులో విప్పింది. సిక్లోవియాతో పాటు పార్కుల్లో ‘రెక్రియోవియా’ పేరుతో పాటలకు అడుగులేసే వ్యాయామ తరగతులు ఉచితంగా నడుపుతోంది. జీతమిచ్చి పెట్టిన శిక్షకులుంటారు, ఉదయమే కాకుండా సాయంత్రాలూ జరుగుతాయి. వచ్చేవాళ్లలో అత్యధికులు మహిళలే. ఒంటరిగా నడవడానికి జంకే మనిషి పదిమంది గుంపులోకి జంకు లేకుండా వస్తుంది. మన పట్టణాల్లో పొదుపు సంఘాలున్నాయి, వాటికి సమావేశాలున్నాయి, బడులకు సాయంత్రం ఖాళీగా ఉండే ఆవరణలున్నాయి. నాలుగు ఎల్‌ఈడీ దీపాలు, తాళం వేయని మరుగుదొడ్డి, వారానికి మూడు సాయంత్రాలు వచ్చే ఒక శిక్షకురాలు ఉంటే చాలు. ముందు ఒక వార్డులో మొదలుపెట్టి చూడొచ్చు.